పాస్‌వర్డు కంటె ముందు సర్వరు గుర్తింపు

బ్యాంకులో సొమ్మెంత నిలువయున్నదో తెలిసికొనుటకు, భూమి అడంగలు చూచుకొనుటకు, ఆదాయపు పన్ను లెక్కలు దాఖలు చేయుటకు నేడు గృహస్థుడు కచేరీ మెట్లెక్క నక్కరలేదు. ఇంట కూర్చుండియే, ఎక్కడనో దూరముననున్న సర్వరునకు తన పేరును పాస్‌వర్డును పంపుచున్నాడు. ఈ పాస్‌వర్డు విషయమున ఉపదేశములకు కొదువ లేదు. అది పొడుగుగా నుండవలయునని, ఒరులకు చెప్పరాదని, ఒకచోట వాడినదానిని వేరొకచోట వాడరాదని బ్యాంకులును ప్రభుత్వ శాఖలును నిత్యము హెచ్చరించుచున్నవి. ఈ హెచ్చరికలు యుక్తమైనవే. కాని వీని కన్నిటికిని ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి గలదు. మన రహస్యమును మన మెవరికి చెప్పుచున్నాము? ఆవలి వైపున నున్నది మన బ్యాంకేనా, లేక బ్యాంకు వేషము వేసికొన్న దొంగయా? మన గుర్తింపు నడుగు సర్వరు ముందుగా తన గుర్తింపును చూపి తీరవలయును. ఈ నియమము సడలినచోట ఎంత గట్టి పాస్‌వర్డయినను నిష్ప్రయోజనమే.

ఈ వ్యవహారమున రెండు సాక్ష్యములు గలవు. పాస్‌వర్డు ఖాతాదారు డిచ్చు సాక్ష్యము. సర్టిఫికెట్టు సర్వరు ఇచ్చు సాక్ష్యము. పాస్‌వర్డునకు పుట్టుకతోనే యొక లోపము గలదు. దానిని చూపుట యనగా అప్పగించుటయే. విన్నవా డెవడైనను మరల దానినే చెప్పి ఖాతాదారుడుగా చెల్లుబాటు కాగలడు. జాగరూకతగల సర్వరు పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచుకొనదు. వెనుకకు మరలింప వీలులేని గణితముచే దానిని మార్చి, ఖాతాకొక వేరు అంకెను కలిపి, ఆ మార్చిన రూపమునే దాచుకొనును. ఈపాటి జాగ్రత్తయైనను లేకపోవుటచేతనే 2009లో రాక్‌యూ అను అమెరికా సంస్థ యొద్దనుండి సుమారు 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు చదువ వీలైన రూపముననే దొంగల పాలయ్యెను. అయితే దాచుటలో నెంత నేర్పు చూపినను, వినుచున్నవాడే దొంగయైనప్పుడు ఆ నేర్పు అక్కరకు రాదు. ఫోనునకు వచ్చు ఓటీపీ సంగతియు నింతే. కపట సర్వరునకు దానిని చెప్పినచో, అది తక్షణమే ఆ యంకెలను అసలు బ్యాంకునకు పంపి పని నెరవేర్చుకొనగలదు.

సర్వరు తన్ను నిరూపించుకొను విధము మరియొకటి. దానియొద్ద రెండు తాళపుచెవులు జంటగా నుండును. ఒకటి బహిరంగమైనది, ఎవ్వరైనను తీసికొనవచ్చును. రెండవది రహస్యమైనది, ఆ సర్వరును దాటి పోరాదు. ‘ఈ బహిరంగపు చెవి ఈ పేరుగల సర్వరుదే’ యని ధ్రువపరచు పత్రమే సర్టిఫికెట్టు. దానిపై సర్వరు పేరు, గడువు, ధ్రువపరచిన సంస్థ చేవ్రాలు నుండును. పత్రము బహిరంగమే గనుక దొంగయు దాని నకలును చూపగలడు. అందుచేత రహస్యపు చెవి తనయొద్దనే యున్నదని సర్వరు అప్పటికప్పుడు చేవ్రాలు చేసి చూపవలయును. ఇందలి విశేష మేమన, ఆ రహస్యమును బయటపెట్టకయే అది తనయొద్ద నున్నట్లు నిరూపింపవచ్చును. పాస్‌వర్డునకు లేని గుణ మిదియే. క్రయదస్తావేజును పరీక్షించు రైతు అందలి పేరును, సర్వే నంబరును, రిజిస్ట్రారు ముద్రను సరిచూచునట్లు, బ్రౌజరు పేరును, గడువును, ముద్రను సరిచూచును. ఏయే సంస్థల ముద్రలు చెల్లునో తెలుపు పట్టిక బ్రౌజరునందో, కంప్యూటరునందో ముందే యుండును.

ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. నెట్‌స్కేపు కంపెనీ ఎస్‌ఎస్‌ఎల్ అను పద్ధతిని 1995లో లోకమునకు విడుదల చేసెను. 1999లో దాని స్థానమున టీఎల్‌ఎస్ వచ్చెను. 2018లో టీఎల్‌ఎస్ యొక్క 1.3వ రూపము వెలువడెను. పాత ఎస్‌ఎస్‌ఎల్ పద్ధతులు భద్రములు కావని నిషేధింపబడినను, జనవ్యవహారమున ‘ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్టు’ అను పేరు మాత్రము నిలిచియున్నది.

ఇచ్చట నొక భ్రమను తొలగింపవలసి యున్నది. సర్టిఫికెట్టు పేరును ధ్రువపరచునే గాని శీలమును ధ్రువపరచదు. 2015 డిసెంబరునుండి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ సర్టిఫికెట్లను ఉచితముగా నిచ్చుచున్నది. ఇది లోకమునకు గొప్ప యుపకారము. చిన్నవాని సర్వరునకు సైతము రక్షణ లభించెను. కాని దొంగయు, బ్యాంకు పేరును బోలిన పేరొకటి కొని, దానికి నిక్కమైన సర్టిఫికెట్టునే పొందగలడు. తాళము బొమ్మను చూచి ‘ఇది నమ్మదగినది’ యని జనులు పొరబడుచుండుటచేతనే గూగులు వారు 2023లో తమ క్రోము బ్రౌజరు చిరునామా పట్టీనుండి ఆ బొమ్మను తీసివేసిరి. కావున చదువరులు చూడవలసినది తాళమును గాదు, పేరును. ఒక్క అక్షరము తేడాగల పేరు వేరొకని పేరే యగును.

ఇక ముద్ర వేయువారే తప్పినచో నేమగును? 2011లో హాలెండు దేశపు డిజినోటార్ అను ధ్రువీకరణ సంస్థలో చోరులు ప్రవేశించి, 500లకు పైగా కపట సర్టిఫికెట్లను సృష్టించిరి. వానిలో జూలై 10వ తేదీన గూగులు పేరిట పుట్టిన దొకటి. దానిని చూపి, ఇరాను దేశమున జీమెయిలు వాడుకొనువారికి గూగులునకును నడుమ దొంగ సర్వరు నిలిచెను. సుమారు 3 లక్షల ఇరాను చిరునామాల కీ ముప్పు తగిలినట్లు తరువాతి విచారణలో తేలెను. అన్నిటికంటె గర్హ్యమైన దేమన, చోరులు ప్రవేశించినట్లు సంస్థవారికి జూలైలోనే తెలిసినను లోకమునకు తెలుపక మిన్నకుండిరి. ఆగస్టు చివర నొక ఇరాను పౌరుడు తన బ్రౌజరు హెచ్చరికను చూచి బయటపెట్టువరకు ఆ మోసము సాగెను. బ్రౌజరు కంపెనీలు డిజినోటార్ ముద్రను తమ పట్టికలనుండి కొట్టివేసెను. సెప్టెంబరులో ఆ సంస్థ దివాలా తీసెను. దానిని ముంచినది చోరుల చొరబాటు మాత్రమే కాదు, చొరబాటును దాచిన మౌనము.

ఇట్టి విపత్తు మన దేశమునకును తప్పలేదు. 2000వ సంవత్సరపు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టము ననుసరించి, ధ్రువీకరణ సంస్థలకు లైసెన్సు లిచ్చుటకు కేంద్రప్రభుత్వము కంట్రోలరును నియమించినది. ఆ లైసెన్సుతో పనిచేయుచుండిన ప్రభుత్వ సంస్థయగు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు ముద్రతో, గూగులు పేరిట అనుమతి లేని సర్టిఫికెట్లు వెలువడినట్లు 2014 జూలై 2వ తేదీన గూగులు కనుగొనెను. మరునాడే కంట్రోలరు ఆ సంస్థ సర్టిఫికెట్లను రద్దు చేసెను. సెంటరు జారీ విధానము చెడినదనియు, తప్పు సర్టిఫికెట్లు నాలుగే యనియు కంట్రోలరు తెలిపెను. అవిగాక మరికొన్నియు తమకు కానవచ్చినవని గూగులు ప్రకటించెను. తుద కేమయ్యెను? భారతదేశపు కంట్రోలరు ముద్ర క్రోములో ప్రభుత్వ, విద్యా సంస్థల పేర్లకును, రిజర్వు బ్యాంకు మున్నగు కొన్ని పేర్లకును మాత్రమే చెల్లునట్లు గిరి గీయబడెను.

మన చట్టము క్రింద వేసిన ముద్రను పరదేశపు కంపెనీలు తూచుట యేమని కొందరికి రోషము కలుగవచ్చును. ఆ రోషమున న్యాయము లేకపోలేదు. ఏ ముద్ర చెల్లునో నిర్ణయించు నధికారము గూగులు, ఆపిల్, మైక్రోసాఫ్టు, మొజిల్లా వంటి కొలది అమెరికా సంస్థల చేతనుండుట లోకమునకు క్షేమము కాదు. వారును తమ నిర్ణయములకు కారణములు చెప్పవలసినవారే. కాని రోషముచే ముద్రకు విలువ రాదు. డిజినోటార్ యూరపు సంస్థయైనను దానిని క్షమింపలేదు. అమెరికా సంస్థయగు సిమాంటెక్ తప్పుగా సర్టిఫికెట్లు జారీ చేసినపుడు, దాని ముద్రయు 2018లో త్రోసివేయబడెను. స్వదేశపు ముద్ర విదేశమున చెల్లవలెనన్న, దానిని వేయు చేయి శుద్ధమై యుండవలయును. తప్పు జరిగినపుడు మనమే ముందుగా లోకమునకు చెప్పవలయును. ఆత్మగౌరవమునకు మార్గ మిదియే.

లోకము ఈ యనుభవములనుండి నేర్చిన పాఠము బహిరంగత. జారీ చేసిన ప్రతి సర్టిఫికెట్టును ఎవ్వరైనను చూడగల చిట్టాలలో నెక్కించు పద్ధతిని 2013లో రూపొందించిరి. ఒకసారి వ్రాసినదానిని చెరిపినచో పట్టుబడునట్లు ఆ చిట్టాలు నిర్మింపబడినవి. 2018 ఏప్రిలు 30 తరువాత జారీయైన సర్టిఫికెట్టు ఆ చిట్టాలకెక్కనిచో క్రోము దానిని అంగీకరింపదు. తన పేరిట పరులెవరైనను పత్రము పుట్టించిరేమో యని బ్యాంకు నేడు తానే వెదకి చూచుకొనవచ్చును. సర్టిఫికెట్ల గడువును సైతము తగ్గించుచున్నారు. 2029 మార్చి 15 నుండి 47 దినములకు మించి గడువుండరాదని ధ్రువీకరణ సంస్థలును బ్రౌజరు కంపెనీలును గూడిన సమాఖ్య 2025 ఏప్రిలున తీర్మానించెను. చెడిన పత్రము చిరకాలము బ్రతుకరాదనియే దీని యాశయము.

ముద్ర యెంత శుద్ధమైనను, చూడవలసినవాడు చూడనిచో వ్యర్థము. ఈ దోషము ప్రోగ్రాములు వ్రాయువారియందు మిక్కుటము. ఒక సర్వరు మరియొక సర్వరుతో మాటలాడునపుడు నడుమ మనుష్యుని కన్ను లేదు. పేరును సరిచూడవలసినది ప్రోగ్రామే. పైథాను భాషలోని వెబ్బు సాధనములు 2014 డిసెంబరున 2.7.9వ కూర్పు వచ్చువరకు, ఆ వరుసలో, ప్రత్యేకముగ కోరిననే తప్ప సర్టిఫికెట్టును పరీక్షించెడివి కావు. 2012లో టెక్సాసు, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయముల పరిశోధకులు బ్రౌజరులు గాని ప్రోగ్రాములను పరీక్షింపగా, సొమ్ము చెల్లింపునకు వాడు ప్రోగ్రాములలో సైతము ఈ పరీక్ష చెడియుండుట కనుగొనిరి. కర్ల్ అను సాధనమునందు పేరు సరిచూచుటకు 2 అను అంకె నీయవలసియుండగా ‘అవును’ అని వ్రాసినవా రనేకులు. ఆనాడు యంత్రము దానిని 1గా గ్రహించి పేరును సరిచూడకయే యూరకుండెను. తలుపునకు గడియ పెట్టితినని తలచి నిద్రించినవాని గతి యిది.

తెలియక చేసినవారి మాట యటుండనిండు. తెలిసియే పరీక్షను ఆపివేయువారు గలరు. సర్టిఫికెట్టు కుదరక ప్రోగ్రాము నడువనపుడు, ‘పరీక్షింపకుము’ అని ఒక్క పంక్తి వ్రాసి పని గడుపుకొందురు. తాత్కాలికమని వ్రాసిన ఆ పంక్తి ఏండ్లతరబడి నిలిచి, ప్రోగ్రామునందలి పాస్‌వర్డును దారిని పోవువాని చేత పెట్టుచుండును. సంస్థకు లోపలి సర్వరులున్నచో, తన సొంత ముద్రనే యేర్పరచుకొని దానినే నమ్ముమని ప్రోగ్రామునకు చెప్పవచ్చును. ప్రోగ్రాముచే సైతము సర్టిఫికెట్టును చూపించి, రెండు వైపులను నిరూపింపజేయవచ్చును. పరీక్షను తీసివేయుట మాత్రము ఎన్నటికిని పరిష్కారము కాదు. గడువు తీరిన సర్టిఫికెట్టుతో సర్వరు నడుపుచు, ‘హెచ్చరిక వచ్చినను ముందుకు సాగుడు’ అని ప్రజలకు చెప్పు కార్యాలయమును ఇట్టి యపరాధమునే చేయుచున్నది. నేడు దాని మాట విని హెచ్చరికను దాటుట కలవాటుపడిన గృహస్థుడు రేపు దొంగ సర్వరు ముందరను అట్లే దాటును.

ఈ దిశను రిజర్వు బ్యాంకు చేసిన యేర్పా టొకటి అభినందనీయము. దేశమందలి బ్యాంకులు 2025 అక్టోబరు 31 నాటికి ‘బ్యాంక్ డాట్ ఇన్’ అను తుదిగల పేర్లకు మారవలయునని అది యాదేశించెను. ఆ పేర్ల నిచ్చు నధికారము 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన హైదరాబాదు సంస్థయగు ఐడీఆర్‌బీటీకి మాత్రమే గలదు. బ్యాంకు గానివాని కా తుది లభింపదు. సర్టిఫికెట్టు పేరును మాత్రమే ధ్రువపరచునని పైన చెప్పితిమి. ఆ పేరే యోగ్యులకు మాత్రమే దొరకునట్లు చేయుటచేత సర్టిఫికెట్టు విలువ హెచ్చుచున్నది. కాని ఈ సంగతి తెలుగు జిల్లాలలోని ఖాతాదారులకు తెలుగున తెలియజెప్పనిచో సగము ఫలము వృథా యగును. ప్రతి బ్యాంకు శాఖయందును తమ నిజమైన పేరును పెద్దయక్షరములతో వ్రాసి కట్టవలయును.

భారమంతయు సామాన్యునిపై మోపుట మా యభిప్రాయము కాదు. పేరునకు కట్టుబడి, అన్యుల పేరునకు బదులు పలుకని పాస్‌కీ పద్ధతి వచ్చియే యున్నది. దానిని కల్పించుట, సర్టిఫికెట్టు గడువు తీరక మునుపే మార్చుట, తప్పు జరిగిన దినముననే ప్రకటించుట సర్వరులు నడుపువారి ధర్మములు. ప్రోగ్రామరులు పరీక్షను ఆపు పంక్తిని తమ వ్రాతలనుండి వెదకి తీసివేయుదురుగాక. ప్రజలు హెచ్చరికను గౌరవించి, పేరు చదివిన పిమ్మటనే పాస్‌వర్డు నిత్తురుగాక. తన పేరు నిరూపింపలేనివానికి మన రహస్యము నడుగు హక్కు లేదు.