నెత్తురు రుణం

ఆ రోజు పొద్దున్న చుక్క గుమ్మం మెట్టు ఎక్కలేకపోయింది. ఒక్కటే మెట్టు, జానెడు ఎత్తు. ముందు కాళ్లు పైన పెట్టి, వెనక కాళ్లు లాక్కోలేక, అక్కడే ఆగి నా మొహంలోకి చూసింది. దానికి ఆరేళ్లు. కొవ్వూరు గోష్పాద రేవులో, అరచేతిలో పట్టేంత పిల్లగా ఉన్నప్పుడు దొరికింది. నుదుట నల్లచుక్క ఉందని ఆ పేరు పెట్టాం. అప్పటికి రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు. ఎండలకి వడలిపోయిందనుకుని మందుల షాపులో అడిగి ఏదో టానిక్ తెచ్చి పోశాను. ఆ రెండు రోజులూ పోగొట్టింది నేనే.

అసలు సంగతి కనిపెట్టింది మా అమ్మ. చుక్క పై పెదవి వేలితో ఎత్తి, "ఏరా, దీని చిగుళ్లు చూశావా? సున్నం కొట్టినట్టున్నాయి" అంది. పెరట్లోకి వెళ్లి అది తడిపిన చోటు చూసి వచ్చింది. "డికాక్షన్‌లా పోసిందిరా. మన గేదెకి ఎర్రమూత్రం వచ్చినప్పుడు ఇలాగే ఉండేది. ఇంక ఆలస్యం చెయ్యకు, బయల్దేరు" అంది. ఎప్పుడో నలభై ఏళ్ల కిందట పాడి చేసినప్పటి జ్ఞాపకం ఆ పూట మాకు దారి చూపించింది.

రాజమహేంద్రవరంలో డాక్టరుగారు రక్తం తీసి, గాజు పలక మీద ఒక బొట్టు వేసి, సెలైన్ కలిపి, పలకని అటూ ఇటూ వంచారు. "ఇలా రండి, మీరూ చూడండి" అన్నారు. పల్చగా, ఒకే తీరుగా పారాల్సిన నెత్తురు ఇసుక రేణువుల్లా గుత్తులు కట్టి విడివిడిగా నిలబడింది. "ఎర్రకణాలు ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయండి. దీని ఒంట్లో తయారైన యాంటీబాడీలే వాటికి అంటుకుని ఉన్నాయి. దీని నెత్తుర్ని ఇదే తినేస్తోంది" అన్నారు. మైక్రోస్కోపు కింద చూస్తే, మధ్యలో పల్చగా పళ్లెంలా ఉండాల్సిన కణాలు చాలావరకు చిన్న చిన్న గోళీల్లా గుండ్రంగా మారిపోయి ఉన్నాయి. రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో చెప్పే పీసీవీ ఆరోగ్యంగా ఉన్న కుక్కకి 37 నుంచి 55 దాకా ఉంటుంది. చుక్కకి 11 వచ్చింది.

ఈ జబ్బు పేరు ఇమ్యూన్ మీడియేటెడ్ హీమోలిటిక్ అనీమియా. మనవాళ్ల మాటలో చెప్పాలంటే కంచే చేను మేయడం. బయటి క్రిముల్ని పట్టాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత ఎర్రకణాల మీద శత్రువని ముద్ర వేస్తుంది. ముద్ర పడిన కణాల్ని ప్లీహం, కాలేయం పట్టి నాశనం చేస్తాయి. కొన్ని రక్తనాళాల్లోనే పగిలిపోతాయి. ఆ పగిలిన రంగే మూత్రంలో దిగుతుంది, కళ్లలో పచ్చగా తేలుతుంది. ఊపిరి తీసుకుంటున్నా, తీసుకున్న గాలిని మోసుకెళ్లే కణాలు ఉండవు. అందుకే కుక్క కూర్చున్నచోటే రొప్పుతుంది.

కొన్ని కుక్కల్లో ఇది ఏ కారణమూ దొరక్కుండానే వస్తుంది. మన ప్రాంతంలో మాత్రం డాక్టర్లు ముందు గోమార్ల కోసం వెతుకుతారు. కుక్కల్ని పట్టే గోధుమ రంగు గోమారి ఒంటి మీద ఉండేది కొద్దిరోజులే. మిగతా కాలం గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో, కుక్క పడుకునే గోనెపట్టా మడతల్లో దాక్కుంటుంది. ఒక్క ఆడ గోమారి వేల గుడ్లు పెడుతుంది. బబేసియా, ఎర్లీకియా లాంటి క్రిముల్ని నెత్తుట్లోకి ఎక్కించేది అదే. ఆ క్రిముల మీద మొదలైన యుద్ధం ఒక్కోసారి అదుపు తప్పి సొంత కణాల మీదికి తిరుగుతుంది. చుక్కకి చెవి లోపలి మడతలో రెండు గోమార్లు దొరికాయి. పరీక్షలో ఎర్లీకియా తేలింది. రోగనిరోధక శక్తిని నెమ్మదింపజేయడానికి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడు, అజాథయోప్రిన్, క్రిమికి డాక్సీసైక్లిన్, నెత్తురు గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మొదలుపెట్టారు. ఈ జబ్బులో చాలా కుక్కలు నెత్తురు తగ్గి కాదు, ఊపిరితిత్తుల్లో గడ్డలు అడ్డుపడి పోతాయని ఆయన చెబితేనే తెలిసింది.

"ఈ మందులు పట్టడానికి రోజులు కావాలండి. దీనికి అన్ని రోజుల నెత్తురు లేదు. రాత్రిలోగా ఎక్కించాలి. నెత్తురిచ్చే కుక్కని తీసుకురండి" అన్నారు డాక్టరుగారు.

కుక్కని ఎక్కణ్నుంచి తేను? మనిషికైతే మన జిల్లాల్లో ఒక ఫోనుకి నలుగురు కుర్రాళ్లు బళ్లు వేసుకుని వచ్చేస్తారు. పుట్టినరోజుల్లో, అభిమాన నటుడి సినిమా విడుదల రోజున రక్తదానం చేసే ప్రాంతం మనది. కుక్కకి కుక్కే ఇవ్వాలి. ఏడాది నుంచి ఎనిమిదేళ్ల లోపు వయసు, పాతిక కిలోలు దాటిన బరువు ఉండాలి. టీకాలన్నీ పడాలి, గోమారి జబ్బు లేదని పరీక్షలో తేలాలి, తను ఎప్పుడూ నెత్తురు ఎక్కించుకుని ఉండకూడదు. పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా ఫోన్లు చేశాను. చాలామంది మంచివాళ్లే. "మా వాడు నీరసించిపోతాడేమోనండి" అని భయపడ్డారు. ఆ భయం తీర్చే జవాబు నా దగ్గర అప్పుడు లేదు. ఇప్పుడు ఉంది. సరైన కొలతలో తీస్తే ఆరోగ్యమైన కుక్క కొద్ది వారాల్లో ఆ నెత్తుర్ని తిరిగి పట్టేస్తుంది. మళ్లీ ఇవ్వడానికి రెండు మూడు నెలలు ఎడం ఇస్తే చాలు.

చివరికి రావులపాలెం అరటి మార్కెట్టులో వ్యాపారం చేసే ఒకాయన "వస్తున్నానండి" అన్నారు. ముందూ వెనకా పరిచయం లేదు. జొన్నాడ వంతెన దాటి చీకటి పడేసరికి వచ్చేశారు. ఆయన లాబ్రడార్ పేరు భీముడు, ముప్ఫయి నాలుగు కిలోలు. మెడ దగ్గర అరచేయంత మేర వెంట్రుకలు గీసి, పక్కకి పడుకోబెట్టారు. ఆయన దాని తల ఒళ్లో పెట్టుకుని చెవులు నిమురుతూ కూర్చున్నారు. పావుగంటలో సంచి నిండింది. భీముడు లేచి ఒళ్లు దులుపుకుని నీళ్లు తాగింది. నేను చేతులు జోడించబోతే ఆయన ఒప్పుకోలేదు. "మనుషులకి మనుషులు ఉన్నారండి. దీనికి దీని జాతే రావాలి కదండీ" అన్నారు.

కుక్కలకి వేరే వర్గం రక్తం మీద పుట్టుకతో బలమైన యాంటీబాడీలు సాధారణంగా ఉండవు. అందుకే మొదటిసారి ఎక్కించిన నెత్తురు చాలావరకు పడుతుంది. రెండోసారి నుంచి, రెండు నెత్తుర్లూ కలుస్తాయో లేదో తేల్చే క్రాస్ మ్యాచ్ పరీక్ష చూడకుండా ఎక్కించకూడదు. మొదటి అరగంట బొట్టు బొట్టుగా వదిలి, వణుకు, వాంతి, మొహం వాపు వస్తున్నాయేమోనని కాచుకున్నాం. తెల్లవారేసరికి పీసీవీ 19కి వచ్చింది. అమ్మ పెదవి ఎత్తి చూసి, "కాస్త రంగు తిరిగిందిరా" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ వారంలోనే నాకు తెలిసిన పెద్దాయన ఒకరు, "మనుషులకే దిక్కులేని దేశంలో కుక్కకి రక్తమేమిటయ్యా?" అని అడిగారు. అడిగింది తప్పని నేననను. మొదటి మూడు వారాల ఖర్చు మా ఇంటి నెల జీతాన్ని దాటింది, ఆ లెక్క నాకూ తెలుసు. కానీ ఆ ప్రశ్నకి జవాబు కోసం వెతికితే, అప్పు పడింది మనమేనని తేలింది.

ప్రపంచంలో మొదట రక్తమార్పిడి నిలబడింది కుక్కల్లోనే. 1660ల్లో ఆక్స్‌ఫర్డులో రిచర్డ్ లోయర్ అనే వైద్యుడు, నెత్తురు పోయి చావు అంచుకి చేరిన చిన్న కుక్కలోకి పెద్ద కుక్క రక్తం ఎక్కించి లేపి నిలబెట్టాడు. ఇచ్చిన కుక్క మాత్రం బతకలేదు. 1920ల్లో అమెరికాలో జార్జి విపుల్ కుక్కల నెత్తురు పదే పదే తీసి, ఏ తిండి పెడితే మళ్లీ పడుతుందో చూశాడు. కాలేయం పెడితే పట్టింది. ఆ దారిలోనే మినో, మర్ఫీ అనే ఇద్దరు వైద్యులు, అంతవరకు మనుషుల్ని చంపేస్తున్న పెర్నీషియస్ అనీమియాకి కాలేయంతో చికిత్స కనిపెట్టారు. ముగ్గురికీ 1934లో నోబెల్ వచ్చింది. శరీరం తన మీద తానే తిరగబడడమే ఆ జబ్బుకీ మూలమని తర్వాత తెలిసింది. చుక్క మింగిన అజాథయోప్రిన్‌ని తయారుచేసింది గెర్ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్స్. మూత్రపిండం మార్చిన మనుషులకి ఇచ్చే ముందు, 1960 ప్రాంతంలో రాయ్ కాన్ ఆ మందుని పరీక్షించింది మూత్రపిండం మార్చిన కుక్కల మీదే.

ఈ కథలో మన డెల్టావాడూ ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో కొంతకాలం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు, స్ప్రూ జబ్బుకి ఇద్దరు సోదరుల్ని పోగొట్టుకున్నారు. పేగుల్ని పట్టి, నెత్తురు పట్టనివ్వకుండా చేసే జబ్బు అది. అమెరికా వెళ్లి, పెర్నీషియస్ అనీమియాకి పనికొచ్చే కాలేయపు సారంలో ఏముందోనని వెతికిన వారిలో ఆయనొకరు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసి చూపించింది. 1948లో ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచే మొట్టమొదటి టెట్రాసైక్లిన్, ఆరియోమైసిన్, బయటికొచ్చింది. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. గోమారి జబ్బుకి మా చుక్కకి రోజూ అన్నంలో కలిపి పెట్టిన డాక్సీసైక్లిన్ ఆ వంశంలోదే. ఆ మాట చెబితే అమ్మ మాత్ర చేతిలో పట్టుకుని కాసేపు చూసి, "మన భీమవరం ఆయనా!" అంది.

కుక్కల నెత్తుటితో మన వైద్యం ఇంత దూరం వచ్చింది. వాటికి నెత్తురు కావాల్సిన రాత్రి మనం ఫోను పట్టుకుని ఊళ్లన్నీ దేవులాడాల్సి రావడం న్యాయం కాదు.

చెన్నైలో మద్రాసు వెటర్నరీ కాలేజీలో జంతువుల రక్తనిధి ఉంది. జంతువుల రక్తమార్పిడికి, రక్తనిధులకి కేంద్ర పశుసంవర్ధక శాఖ 2025లో దేశంలో మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. మనకి దగ్గర్లో ఉన్న పశువైద్య కళాశాల గన్నవరం. రాజమహేంద్రవరం నుంచి ఏలూరు మీదుగా రెండున్నర మూడు గంటల దారి. పీసీవీ 11 ఉన్న కుక్క అంత దూరం తట్టుకుంటుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే నేను పెద్ద భవనం అడగడం లేదు. రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరుల్లో ఒక్కో పశువైద్యశాలలో ఒక్కో దాతల పుస్తకం ఉండాలి. ఏ కుక్క, ఎంత బరువు, ఎప్పుడు పరీక్షించారు, యజమాని ఫోను నంబరు ఎంత అన్నది రాసి ఉంటే చాలు. ఎంపికైన కుక్కలకి గోమారి జబ్బుల పరీక్ష ఏడాదికోసారి ఉచితంగా చేస్తే యజమానులు వాళ్లంతట వాళ్లే వస్తారు.

కుక్కని పెంచేవాళ్లకి ఇంకో మాట. వారానికోసారి పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. చిగుళ్లు పాలిపోయినా, కళ్లు పచ్చబడినా, మూత్రం రంగు మారినా ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నాలాగా టానిక్కు కోసం పోవద్దు. గోమార్లని ఒంటి మీదే కాదు, గోడ సందుల్లోనూ వెతకండి.

మందు మొదలైన తర్వాత వచ్చేది ఓపిక పరీక్ష. స్టెరాయిడు వేసుకున్న కుక్క నీళ్లు కుండలు కుండలుగా తాగుతుంది, రాత్రి మూడుసార్లు బయటికి తీసుకెళ్లమంటుంది, ఎంత పెట్టినా ఆకలంటుంది. చుక్క కణతల దగ్గర కండ కరిగి గుంటలు పడ్డాయి, పొట్ట మాత్రం కిందికి జారింది. బాగానే ఉంది కదా అని మాత్ర ఠక్కున ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ప్రాణానికే ముప్పు వస్తుంది. రక్తపరీక్ష చూసుకుంటూ కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. మాకు అయిదు నెలలు పట్టింది. మా గోడ మీది క్యాలెండరులో ఏకాదశి, పౌర్ణమి గడుల్లో కూడా మాత్రల లెక్క, పీసీవీ అంకె అమ్మ చేతిరాతలోనే ఉన్నాయి.

అన్నీ చేసినా దక్కని కుక్కలు చాలా ఉన్నాయి. మొదటి రెండు వారాల్లోనే పోయేవి ఎక్కువ. దాని బాధ చూడలేక, స్తోమతు చాలక, డాక్టరుగారితో మాట్లాడుకుని వదిలేసుకున్న ఇంటివాళ్లూ ఉన్నారు. అది వాళ్ల ప్రేమ తక్కువై కాదు. వాళ్లని ఎవరూ మాట అనకండి.

చుక్క ఇప్పుడు మెట్టు ఎక్కుతోంది. కానీ భీముడి రుణం అది తీర్చలేదు. ఈ జబ్బు చేసిన కుక్క, నెత్తురు ఎక్కించుకున్న కుక్క, దాతగా పనికిరావు. ఆ బాకీ నా పేరు మీద పడింది. అందుకే ఒక నోటుబుక్కు కొని పేర్లు రాయడం మొదలుపెట్టాను. పోయిన నెల తణుకు నుంచి రాత్రి పదింటికి ఫోను వచ్చింది. కడియపులంక నర్సరీ ఒకదానికి కాపలా ఉండే కుక్క ఆ పుస్తకంలో ఉంది. దాని యజమాని మొక్కలు వేసుకునే వ్యానులోనే దాన్ని తీసుకొచ్చాడు. నేనూ వెళ్లాను. నెత్తురు నిండుతున్నంతసేపూ గడ్డకట్టకుండా సంచిని నెమ్మదిగా ఊపుతూ ఉండాలి. ఆ పని నాకిచ్చారు. సంచి నా చేతుల్లో వెచ్చగా బరువెక్కుతూ వచ్చింది.

ఇంటికొచ్చి ఆ కుక్క పేరు పక్కన తేదీ వేశాను. కింద గీతలన్నీ ఇంకా ఖాళీగానే ఉన్నాయి. మీ కుక్క పేరు చెప్పండి, రాసుకుంటాను.

— గట్టువాసి