సన్నటి చేతికి ఖరీదైన వాచీ

ఖరీదైన వాచీకి మన ఇళ్ళల్లో అసలు చోటు బీరువా. పట్టుచీరల మడతల పక్కన, దాని డబ్బాలో అది భద్రంగా ఉంటుంది. ‘అంత విలువైంది రోజూ ఎందుకులెండి’ అంటారు గానీ, కాస్త కదిపి అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. ‘వదులండీ, చేతికి నిలవదు!’ అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిందో, చాలాకాలం డబ్బు కూడబెట్టి సొంతంగా కొనుక్కున్నదో, నాన్నగారి తర్వాత చేతికొచ్చిందో... ఏదైతేనేం, నాలుగు రోజులు పెట్టుకుని, మోచేతి దాకా జారుతుంటే విసుగొచ్చి తీసి లోపల పెట్టేసినవే ఎక్కువ.

చెయ్యి సన్నగా ఉండటం లోపమేమీ కాదు. లక్షలు పోసి కొన్నదాన్ని ముట్టుకుంటే ఏమవుతుందోనన్న భయమే అసలు చిక్కు. జాకెట్టు వదులైతే దర్జీ దగ్గరికి వెళ్ళడానికి ఆలోచించం. వాచీకీ అంతే, కాకపోతే దర్జీని చూసి ఎంచుకోవాలి.

ముందు కొలత సంగతి. ‘నాకు రెండుంబావు గాజులు పడతాయి’ అని వాచీల షాపులో చెప్పే ఆడవాళ్ళున్నారు. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. గాజు దాటాల్సింది అరచేతిని, బొటనవేలి మొదట్లో ఉన్న ఎముకని. అక్కడ దాటాక మణికట్టు మీద అది వదులుగానే ఉంటుంది. రెండుంబావు గాజు లోపలి చుట్టుకొలత దాదాపు 18 సెంటీమీటర్లు. అదే గాజు వేసుకునే చేతి మణికట్టు 15 సెంటీమీటర్లే ఉండొచ్చు. కాబట్టి కుట్టుమిషను దగ్గరుండే టేపు తీసుకుని, మణికట్టు పక్కన పొడుచుకొచ్చే ఎముకకు కాస్త పైన, మోచేతి వైపు, చుట్టి చూసుకోవాలి. వాచీ కూర్చునేది అక్కడే. ఇంకో మాట. ఎండాకాలం సాయంత్రానికి చెయ్యి కొద్దిగా ఉబ్బుతుంది. పొద్దున్నే చన్నీళ్ళ స్నానం చేసొచ్చి కొలిచి సరిగ్గా అతికేట్టు బిగించుకుంటే, మే నెల మధ్యాహ్నం బెజవాడ బస్సులో దాన్ని తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకోవాల్సిందే.

ఇక గొలుసు వాచీలు, అంటే మనం చైను వాచీలు అనేవి. వీటి చైను చిన్న చిన్న లింకులతో ఉంటుంది. కొన్ని లింకులు తీయడానికి వీలుగా, కొన్ని శాశ్వతంగా బిగించి ఉంటాయి. తీసే లింకుల మధ్య కొన్నింట్లో సన్నటి పిన్ను, కొన్నింట్లో బుల్లి స్క్రూ ఉంటుంది. పిన్నులున్న చైను లోపలివైపు చిన్న బాణం గుర్తులు కనిపిస్తాయి. బాణం చూపించిన వైపుకే పిన్నును తోయాలి, మళ్ళీ పెట్టేటప్పుడు ఎదురు వైపు నుంచి పెట్టాలి. ఇంతవరకూ చదివి ‘ఓస్ ఇంతేనా’ అని గుండుసూది, సుత్తి పట్టుకుని కూర్చునే మగవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మామూలు వాచీ అయితే వాళ్ళ ముచ్చట తీర్చుకోనివ్వండి. ఖరీదైన వాటి దగ్గర మాత్రం వద్దు. కొన్ని స్క్రూలు వాటంతటవి ఊడకుండా జిగురు పట్టించి బిగిస్తారు. దాన్ని ముందు కాస్త వేడి చేసి మెత్తబరచాలి. సరైన సైజు స్క్రూడ్రైవర్ కాకపోతే స్క్రూ తల అరిగిపోతుంది. బంగారపు చైన్లయితే మరీ మెత్తన. సిరామిక్ వాటికి గీతలు పడవు గానీ గట్టి దెబ్బ తగిలితే పగిలే గుణం ఉంది, సుత్తి మాటే ఎత్తకూడదు. కంపెనీ సర్వీస్ సెంటరుకే తీసుకెళ్ళాలి.

తీయడం ఒక్కటే పని కాదు, ఎక్కడ తీస్తున్నారన్నది ముఖ్యం. మాకు తెలిసిన ఒకింటి కథ వినండి. ఆ ఇంటాయన గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి కష్టపడి, వచ్చేటప్పుడు ఒక రాడో తెచ్చుకున్నారు. కరీంనగర్ నుంచి కడప దాకా, ఇటు కోనసీమలోనూ గల్ఫ్ వెళ్ళొచ్చిన వాళ్ళకి ఆ రోజుల్లో రాడో అంటే ఎంత గొప్పో చెప్పక్కర్లేదు. ఆయన పోయాక ఆ వాచీని కూతురు పెట్టుకోవాలనుకుంది. ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు నాన్న తోడున్నట్టుంటుందని ఆ అమ్మాయి ఆశ. ఊళ్ళో ఒక దుకాణంలో ఇస్తే అయిదు నిమిషాల్లో నాలుగు లింకులు పీకి చేతిలో పెట్టారు. నాలుగూ ఒకే వైపు నుంచి! దాంతో కింద ఉండాల్సిన లాక్ బొటనవేలి వైపుకొచ్చింది, డయల్ ఏమో బయటివైపుకి వాలిపోయేది. పైగా తీసిన లింకులు ఏవమ్మా అంటే, ‘అక్కడే వదిలేశాం’ అన్నారు. మర్నాడు వెళ్ళి అడిగితే దుకాణం ఊడ్చేశారు. ఏడాది తర్వాత ఆమె తమ్ముడు, పెళ్ళిపీటల మీద నాన్న వాచీ పెట్టుకుంటానన్నాడు. లావుపాటి చెయ్యి అతనిది. పట్టలేదు. అంత పాత మోడల్‌కి లింకులు ఎక్కడా దొరకలేదు.

కాబట్టి లింకులు తీయిస్తే రెండు వైపులా సమానంగా తీయించాలి. బేసి సంఖ్య వస్తే మామూలుగా 6 అంకె వైపు ఒకటి ఎక్కువ తీస్తారు. చెయ్యి కిందకి తిప్పి చూస్తే లాక్ నడిమధ్యన కనిపించాలి. స్టీలు చైను కింద చిటికెన వేలు కష్టం లేకుండా దూరితే చాలు, అంతకు మించి వదులు అక్కర్లేదు.

వదులుగా ఉంటే మాత్రం నష్టమేమిటి, గాజులా ఆడుతుంటే అందమే కదా అనే వాళ్ళున్నారు. వాచీ బరువు గాజు బరువు కాదు. అది ఊగిన ప్రతిసారీ లింకుల మధ్య పిన్నులు రాపిడికి అరుగుతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ చైను సాగినట్టు వేలాడుతుంది. డయల్ పక్కకు తిరిగి, కీ తిప్పే బొడిపె ముంజేతి వెనక గుచ్చుకుంటుంది. తలుపు గడియలకీ, గోడలకీ కొట్టుకుంటుంది. అన్నట్టు, అదే చేతికి బంగారు గాజులు కూడా వేసుకుంటారా? స్టీలు ముందు బంగారం మెత్తన. రాసుకుంటే గీతలు పడేది మీ గాజుకే. వాచీ ఒక చేతికి, గాజులు ఇంకో చేతికి మార్చుకోవడమే మంచిది.

ఒక లింకు తీస్తే బిగుతు, ఉంచితే వదులు. ఇది అందరికీ వచ్చే ఇబ్బంది. ఒక్కో లింకు సుమారు 7, 8 మిల్లీమీటర్లుంటుంది మరి. దీనికి కొన్ని చైన్లలో సగం లింకులు ఉంటాయి. కొన్ని లాకుల పక్కన వరుసగా చిన్న రంధ్రాలుంటాయి, పిన్నును ఒకదాన్నుంచి ఇంకోదానికి మారిస్తే రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. రోలెక్స్ వాళ్ళ ‘ఈజీలింక్’ అయితే చైనును 5 మిల్లీమీటర్లు అక్కడికక్కడే పెంచి తగ్గిస్తుంది. కార్టియర్ వాళ్ళు 2018లో తెచ్చిన కొత్త శాంటోస్‌లో లింకు వెనక బుడిపె నొక్కితే పిన్ను బయటికొస్తుంది, ఏ పనిముట్టూ అక్కర్లేదు. సీతాకోకచిలక రెక్కల్లా రెండువైపులా తెరుచుకునే లాకులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, చాలావాటిలో ఈ చిన్న సర్దుబాటు ఉండదు. కొనేటప్పుడే అడగాల్సిన మాట ఇది.

తోలు స్ట్రాప్‌కి అందరూ చేసే పని ఇంకో రంధ్రం పొడిపించడం. ఒకటైతే ఫర్వాలేదు. మూడు నాలుగు పొడిపిస్తే కుదరదు, ఎందుకంటే స్ట్రాప్ రెండు ముక్కలు. బకిల్ ఉండే ముక్క పొట్టి, రంధ్రాలుండే ముక్క పొడుగు. మామూలుగా 75, 115 మిల్లీమీటర్లుంటాయి. రంధ్రాలు పొడిస్తే చుట్టు తగ్గేది పొడుగు ముక్క వైపే. బకిల్ ముక్క అంతే ఉంటుంది కాబట్టి బకిల్ ఒక పక్కకి పోతుంది, మిగిలిన తోక చెయ్యంతా చుట్టొస్తుంది. వాచీని తయారుచేసే చాలా సంస్థలు స్ట్రాప్‌లను పొట్టి సైజులోనూ ఇస్తాయి. 65, 105 ఆ ప్రాంతంలో ఉండేది తీసుకుంటే సన్నటి చేతికి చక్కగా కూర్చుంటుంది. షాపులో వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మనమే అడగాలి. అయితే మన ఉక్కపోతకి ఎంత గొప్ప తోలైనా చెమటకి తొందరగానే పాడవుతుంది. రోజూ పెట్టుకునే వాళ్ళకి నా ఓటు చైనుకే. జాలీలా అల్లిన మిలనీస్ చైన్లలో చాలావాటి లాకును ఎక్కడికి కావాలంటే అక్కడికి జరుపుకోవచ్చు. బక్కచేతులకి అదో వరం.

రబ్బరు స్ట్రాప్‌లలో కొన్నింటిని కత్తెరతో కోసి అమరుస్తారు. పాటెక్ ఫిలిప్ ఆక్వానాట్ లాంటి మహా ఖరీదైన వాటికీ ఇదే పద్ధతి. కోసింది మళ్ళీ అతకదు.

ఇన్ని చేసినా కుదరని వాచీలున్నాయి. డయల్ మణికట్టు వెడల్పుని దాటి బయటికొస్తే ఏ స్ట్రాపూ కాపాడలేదు. పైన ఒకటి, కింద ఒకటి, స్ట్రాప్ తగిలించే కొమ్ములుంటాయి చూడండి, ఆ కొస నుంచి ఈ కొసకి ఉన్న దూరం మణికట్టు వెడల్పులోపే ఉండాలి. డయల్ సైజు ఒక్కటే చూసి మోసపోతుంటారు. 1972లో వచ్చిన ఆడెమార్స్ పిగే రాయల్ ఓక్ సంగతే తీసుకోండి. అసలు వాచీ 39 మిల్లీమీటర్లే. కానీ చైను వాచీలోంచే మొలిచినట్టుంటుంది. మొదటి లింకులు వెంటనే కిందకి వంగవు కాబట్టి సన్నటి చేతి మీద అంతకంటే పెద్దగా కనిపిస్తుంది, మామూలు స్ట్రాప్ వేద్దామన్నా పట్టదు. మగపిల్లలు సన్నగా ఉన్నారని దిగులుపడే వాళ్ళకి ఒక మాట. 1945లో రోలెక్స్ డేట్‌జస్ట్ వచ్చినప్పుడు అది 36 మిల్లీమీటర్ల మగవాళ్ళ వాచీ. పెద్ద పళ్ళేల్లాంటి వాచీల మోజు తర్వాతి కాలానిది.

కొత్త వాచీ కొన్నప్పుడు సైజు చేయించడానికి సాధారణంగా షాపులో డబ్బు తీసుకోరు. కాబట్టి బిల్లు అవగానే డబ్బా పట్టుకుని ఇంటికి రాకండి. అక్కడే సరిచేయించి, పెట్టుకుని పావుగంట చెయ్యి ఊపుతూ తిరిగి చూడండి. తీసిన లింకులు, పిన్నులు, స్క్రూలు లెక్కపెట్టి తీసుకుని చిన్న కవరులో వేయించండి. కవరు మీద వాచీ మోడల్ నంబరు, తీసిన తేదీ రాసి, వారంటీ కార్డుతో పాటు డబ్బాలో పెట్టండి. ఇక బీరువాలో ఉండాల్సింది ఆ ఖాళీ డబ్బా, ఆ కవరూ.