బృందగానము

మన కచేరీలలో నొక్క గాత్రమే ప్రధానము. భజనలలో పలువురు పాడినను అందఱిదియు నొక్కటే వరుస. చెన్నపట్టణమున మద్రాస్ యూత్ క్వయరును స్థాపించి, 1988లో కీర్తిశేషులైన ఎం. బి. శ్రీనివాసన్ గారు పలుభాషల పాటలను ఏకకాలమున వేర్వేఱు స్వరములతో బాడించి క్రొత్తదారి చూపిరి.

మేమును బాల్యమున నా నగరమునందే యిట్టి యొక బృందమున పాడితిమి. మా గొంతు సన్ననిదని యింట నెవ్వరును మమ్ము పాడుమనరైరి. అచ్చట నా గొంతునకే యొక వరుస దొరకినది. ప్రక్కవారు వేఱు స్వరము పాడుచుండగా మన స్వరమును విడువకుండుట మొదట కష్టము. చెవి యొగ్గి వినుటయే దానికి మందు. గమకము లధికమైనచో పలుగొంతులు కలియవు. స్వరమును నిలకడగ బట్టవలెను. దీర్ఘస్వరమున నందఱు నొక్కమాఱే ఊపిరి తీసినచో పాట తెగును. అందుచే నొకరు ఊపిరి తీయునపుడు తక్కినవారు స్వరమును నిలుపుదురు.

సోదరీమణులారా! ఇంటిపని యంతయు నొక్క యిల్లాలి యూపిరిమీదనే నడచుట న్యాయమా? ఆమె క్షణము విశ్రమించునపుడు తక్కినవారు నిలుపవలదా? ఈ పాఠము బాలికలకే గాక బాలురకును నేర్పవలయును. సాయంకాలమున మీ వీధి పిల్లలను గూర్చి పాడింపుడు. గొంతు బాగులేదని యెవ్వరిని వెలివేయకుడు.