పోడు కాగితాల ఫైళ్లకు పొట్టి పేర్లు పెడదాం, వానలకు ముందే నకళ్లు తీద్దాం

భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల అడవి పల్లెల అటవీ హక్కుల కమిటీలకు, గ్రామసభ పెద్దలకు, కంప్యూటర్ తెలిసిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు విజ్ఞప్తి.

2006 అటవీ హక్కుల చట్టం కింద గిరిజన కుటుంబం పోడు పట్టా అడగాలంటే, ఆ భూమి 2005 డిసెంబర్ 13కు ముందు నుంచే తన చేతిలో ఉందని చూపాలి. ఊరి పెద్దల వాంగ్మూలం కూడా అందుకు సాక్ష్యమే. చెప్పిన పెద్దాయన కాలం చేస్తే దాన్ని మళ్లీ రాయించుకోలేం. అందుకే ఆ కాగితాలను స్కాన్ తీసి దాచినవాళ్లు మంచి పని చేశారు. కానీ దాచిన ఫైళ్లు నకలులోకి పూర్తిగా ఎక్కాయా?

ఊరు, ఇంటిపేరు, తండ్రి పేరు, తేదీ అన్నీ ఫైలు పేరులోనే రాయడం మనకు అలవాటు. ‘భద్రాచలం’ మన కంటికి నాలుగు అక్షరాలే. కంప్యూటర్ ఒత్తులను, గుణింతాలను విడిగా లెక్కేస్తుంది కాబట్టి అవి ఎనిమిదవుతాయి. లినక్స్ డిస్కులో ఒక్కోటి మూడు బైట్లు, అంటే 24 బైట్లు. అక్కడ ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. విండోస్‌లో చాలా ప్రోగ్రాములు ఫోల్డర్ల పేర్లతో కలిపి, కంప్యూటర్ లెక్కలో 260 అక్షరాలు దాటితే ఒప్పుకోవు. నకలు తీస్తూ ఇంకో రెండు ఫోల్డర్ల లోపల పెట్టగానే హద్దు దాటుతుంది. తొందరలో ‘స్కిప్’ నొక్కితే మిగతావన్నీ ఎక్కుతాయి, ఆ ఒక్క కుటుంబం కాగితం మిగిలిపోతుంది.

రెండో చిక్కు పొట్టి పేర్లది. పొడుగు పేరున్న ఫైలుకు విండోస్ చాలా డిస్కుల్లో లోలోపల ఇంకో పేరు పెడుతుంది: సాధారణంగా ఆరు అక్షరాలు, ~ గుర్తు, ఒక అంకె. ఒకేలా మొదలయ్యే పేర్లలో మొదటి కొన్నింటికి, పుట్టిన వరుసలో అంకె పడుతుంది. మామూలుగా కాపీ చేసి వేరే వరుసలో తిరిగి ఎక్కిస్తే అంకెలు మారిపోవచ్చు. పొట్టి పేరుతో వెతికే పాత ప్రోగ్రాము అప్పుడు ఒకరి కాగితం అడిగితే ఇంకొకరిది తీస్తుంది.

ఫైలు పేరును ఎనిమిది ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల్లో ముగిద్దాం: ఊరికి రెండు, క్లెయిముకు నాలుగు, కాగితం రకానికి ఒకటి, వరుసకు ఒకటి. అప్పుడు పొడుగు పేరూ పొట్టి పేరూ ఒకటే. పూర్తి వివరం తెలుగులో రిజిస్టరులో ఉండాలి, అచ్చు తీసి కూడా. ఫోల్డరుకు జిల్లా పేరు వద్దే వద్దు. చింతూరు 2014 దాకా ఖమ్మం జిల్లా, తర్వాత తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. జిల్లాలు మారినా ఊరు కదల్లేదు.

నకళ్లు రెండు రకాలు కావాలి. ఫైళ్ల కాపీ ఒకటి. క్లోన్‌జిల్లా లాంటి ఉచిత సాధనంతో పార్టిషన్ మొత్తానికి తీసే ఇమేజ్ ఇంకోటి. అందులో రెండు రకాల పేర్లూ ఉన్నవి ఉన్నట్టే నిలుస్తాయి. తీశాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య సరిచూడాలి. వేరే కంప్యూటర్లో ఎక్కించి, నాలుగు కాగితాలు తెరిచి చదవాలి. ఈ పరీక్ష జరగని నకలును నకలుగా ఒప్పుకోవద్దు.

భద్రాచలం దగ్గర 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక. గోదావరి 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు ఎక్కింది. కాబట్టి ఒక డిస్కు ఊళ్లో ఉంటే, రెండోది ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో నమ్మకమైన చేతిలో ఉండాలి. జూన్ రాకముందే గ్రామసభలో తీర్మానం చేయండి: పేర్లు మార్చేది ఎవరు, రిజిస్టరు రాసేది ఎవరు, రెండో డిస్కు ఎవరి దగ్గర. ఆ ముగ్గురి పేర్లూ మినిట్స్ పుస్తకంలో రాయించండి.