కొలిమి తప్పించుకొన్న కంచు ఫిరంగులు

1854లో బీజాపురపు కోటబురుజుమీద నున్న ఒక పాత ఫిరంగిని వేలము వేయగా దానికి పలికిన వెల 150 రూపాయలు. పదునాలుగడుగులకు మించిన పొడవును, సుమారు 55 టన్నుల బరువును గల ఆ ఫిరంగి పేరు మాలిక్-ఎ-మైదాన్. అది 1549లో అహమదునగరమున రూమీ యను పోతపనివాడు పోసినది. ఆ వేలము తుదకు రద్దు కాకపోయినచో ఆ మహాయంత్రము ముక్కలై, మూసలలో కరగి, చెంబులుగను గంటలుగను ఊరూర చెదరిపోయి యుండెడిది. ఇనుప ఫిరంగికి తుప్పు శత్రువు. కంచు ఫిరంగికిని, ఇత్తడి తుపాకికిని వాని లోహపు వెలయే శత్రువు. కనుకనే నేడు మిగిలియున్న కొద్దివానిని కాపాడుట మనకు విధి యని నా యభిప్రాయము.

నోటినుండి మందు దట్టించి, గుండు దించి, రంజకమునకు నిప్పంటించి పేల్చు కాలమున, గొట్టమునకు ఇనుమును విడిచి కంచును ఏల వరించిరో తెలిసికొనదగినది. పోతయినుము కరుగుటకు 1150 డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. తొమ్మిది పాళ్ల రాగికి ఒక పాలు తగరము కలిపిన కంచు సుమారు 1000 డిగ్రీలకే కరగి అచ్చులోనికి ప్రవహించును. కమ్మరులు ఇనుపపట్టీలను ప్రక్కప్రక్కన పేర్చి, వానిపై ఉంగరములు బిగించి, తంజావూరిలోని పెద్ద ఫిరంగి వంటివానిని నిర్మింపగలిగిరి గాని, అతుకు లేని గొట్టము కావలెనన్న పోతయే శరణ్యమయ్యెను. పోతయినుము ముందుగా ఏ సూచనయు లేక బ్రద్దలై, ప్రక్కన నిలిచిన ఫిరంగివారినే బలిగొనును. కంచు మొదట ఉబ్బి, పగులు చూపి, ఆపద సమీపించినదని తెలుపును. సముద్రపు ఉప్పుగాలికిని, మందు కాలిన పిదప గొట్టమున మిగిలి తేమను పీల్చు మసికిని అది ఇనుమంత త్వరగా లోబడదు. దోషములును లేకపోలేదు: ఎడతెగక పేల్చినచో ఆ వేడికి మెత్తబడును, వెలయా, ఇనుమునకు అనేక రెట్లు.

చేతి తుపాకులకును ఈ న్యాయమే వర్తించినది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో ఓడలవారును, 1784లో మొదలైన తపాలా గుర్రపుబండ్ల కావలివారును పట్టిన బ్లండర్‌బస్ అను చెకుముకి తుపాకులలో పెక్కింటికి ఇత్తడి గొట్టములుండెను. వానలోను, కెరటాల తుంపరలోను నిలువవలసిన ఆయుధమునకు తుప్పెరుగని లోహమే తగినది గదా! బూరవలె విచ్చుకొన్న దాని నోరు గుండ్లను వెడల్పుగా చల్లుటకై ఏర్పడినదని లోకము నమ్మినది. వాస్తవమునకు ఆ నోటి వెడల్పువలన గుండ్ల వ్యాప్తి చెప్పుకొనదగినంత పెరుగదు. కుదుపు బండిమీదను, ఊగులాడు ఓడమీదను నిలిచి, తడబడు చేతితో మందును గుండ్లను ఒలికిపోకుండ పోయుటకే అది మిక్కిలి యుపకరించినది.

ఇక ఈ లోహపు ప్రయాణము చూడుడు. 1757లో లాహోరున పోసిన జమ్‌జమా ఫిరంగికి కావలసిన రాగి, ఇత్తడి పాత్రలను ఆ నగరపు గృహములనుండియే సేకరించిరని ప్రతీతి; అది 1761లో పానిపట్టున గర్జించినది. వియన్నాలోని పెద్ద దేవాలయమున 1711లో వ్రేలాడగట్టిన గంటను తురుష్కులు వదలిపోయిన ఫిరంగులతో పోసిరి. వంటయింటి గిన్నె ఫిరంగి యగుటయు, ఫిరంగి గంట యగుటయు ఇంత సులభమైనప్పుడు, నూరేండ్లు గడచినను రూపు మారక నిలిచిన గొట్టము అరుదైన దనుటలో వింత లేదు.

ప్రాణములు తీసిన పరికరములకు ఇంత యాదరమేల యని అడుగువారుందురు. వారి సంశయము నిర్హేతుకము కాదు. మాలిక్-ఎ-మైదాన్ 1565లో రాక్షసి తంగడి రణరంగమున విజయనగర సేనపై పేలినదని చెప్పుదురు గనుక, తెలుగువానికి దానిని చూచి మనసు కలుక్కుమనుట సహజము. అయినను సాక్ష్యము చేదైనంతమాత్రమున దానిని రూపుమాపదగదు. ఏనుగును నమలుచున్న మృగముఖముగ మలచిన దాని నోటిని, నిజాంషాహీ ప్రభువు వేయించిన శాసనమును, బీజాపురమును జయించిన పిదప ఔరంగజేబు చెక్కించిన శాసనమును ఒకే గొట్టముపై చూచువాడు దక్కను చరిత్రలో నూటముప్పది యేండ్లకు పైబడిన కథను ఒక్కచోట చదువును.

అంతేకాదు, విజ్ఞానశాస్త్రమును ఈ గొట్టములకు ఋణపడియున్నది. మ్యూనికు ఆయుధశాలలో ఇత్తడి ఫిరంగిని తొలుచునపుడు పుట్టు వేడిని పరిశీలించిన రమ్‌ఫర్డ్ ప్రభువు, మొద్దుబారిన బరమా రాపిడికే రెండున్నర గంటలలో నీరు మరుగుట చూపి, వేడి యనునది ద్రవ్యము కాదనియు, చలనముతో ముడిపడినదనియు 1798లో వాదించెను. మన హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండు నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారము పేర గన్‌ఫౌండ్రీ యను పేట నేటికిని నిలిచియున్నది. నిత్యము ఆ దారిని పోవువారిలో అచ్చట పోతకొలుములు మండెనని ఎందరికి తోచును?

కర్తవ్యము కష్టమైనది కాదు. కోటలలోని ఫిరంగులకు రంగు పూయుట మానవలెను. ప్రక్కన నిలుపు పలకపై పేరును బరువునే గాక, ఏ లోహముతో, ఎవరు, ఎట్లు పోసిరో వ్రాయవలెను. ఇండ్లలో పాత ఇత్తడి తుపాకి యుండినచో పండుగకు బిందెలతో పాటు దానిని చింతపండుతో తోమరాదు. ఆ పులుపు లోహపు పైపొరను, దానితో పాటు సన్నని చెక్కడమును క్రమముగా హరించును. చట్టమునకు వెరచి పాతసామానులవానికి అమ్మనక్కరయు లేదు. మరమ్మతు చేసినను పేలజాలని పాతకాలపు ఆయుధమును 1959 నాటి ఆయుధచట్టపు 45వ సెక్షను మినహాయించినది. పేలునో పేలదో తెలియనిచో అధికారులకు చూపి నిర్ణయము పొందుటయే మార్గము. నూరేండ్లు దాటిన వస్తువును 1972 నాటి చట్టము పురావస్తువుగ ఎంచి, ప్రైవేటు వ్యక్తులు దానిని విదేశములకు తరలించుటను నిషేధించుచున్నది. కావున పాఠకులారా, మీ అటుకమీద అట్టి గొట్టమొకటి పడియున్నయెడల దాని తూకపు ధర అడుగక, ముందుగా దగ్గరి మ్యూజియమువారికి తెలియజేయుడు.