ఆరోగ్యమే మహాభాగ్యం: తగ్గింది కదా అని మాత్ర మానకండి

ఈసారి రక్తపోటు మాత్రల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మా పెద్దమ్మది బళ్ళారి. ఒక ఉగాదికి బి.పి. చూపిస్తే 130/80 వచ్చింది. "తగ్గిపాయె గదమ్మా, ఇంకా ఈ బిళ్ళలెందుకు?" అని మానేసింది. మేమూ పట్టించుకోలేదు. ఆషాఢంలో ఒకనాడు తెల్లవారేసరికి కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వచ్చింది. వెంటనే ఆసుపత్రికి చేర్చాం, బతికింది. చెయ్యి మాత్రం ఇప్పటికీ పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు.

ఆ 130/80 మాత్ర పుణ్యమే. మానితే బి.పి. మళ్ళీ పెరుగుతుంది. తలనొప్పి లేదు కదా అని ధైర్యపడడానికీ లేదు. చాలామందిలో ఏ బాధా తెలియకుండానే గుండెను, మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

మాత్రలన్నీ ఒకటి కావు. అమ్లోడిపిన్ రక్తనాళాలను సడలిస్తుంది. కొందరికి పాదాలు వాస్తాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ వల్ల కొందరికి పొడిదగ్గు వస్తుంది. గర్భిణులు ఈ రెండూ వాడకూడదు. అటెనొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఉన్నట్టుండి ఆపితే గుండెనొప్పి రావచ్చు. నీరు పోయించే మాత్రలు వేసుకునేవారికి మన బళ్ళారి ఎండల్లో నీరసం, కళ్ళు తిరగడం కనిపిస్తే డాక్టరుకు చెప్పాలి. ఒకటి పడకపోతే ఇంకొకటి ఇస్తారు. మన అంతట మనం మానడమే తప్పు.

"చెట్టుమందైతే భయం లేదు" అనేవారికి ఒక మాట. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్యపత్రికలో రాశారు. 1952లో ఆ వేరు నుంచే రెసర్పిన్ తీశారు. ప్రపంచమంతా వాడారు. కానీ కొందరికి మనసు కుంగిపోవడం కనబడింది. చెట్టుదైనా మందు మందే, కొలత తప్పకూడదు.

ఇక ఉప్పు. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఉగ్గాని, బజ్జీ, ఊరగాయ, అప్పడం అన్నీ ఒకే పూట తింటే ఆ లెక్క ఎక్కడ నిలుస్తుంది? అలాగే కీళ్ళనొప్పికి సొంతంగా కొనుక్కునే డైక్లోఫెనాక్ కూడా బి.పి. పెంచుతుంది.

మనకు ఇంకొక చిక్కుంది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. మన ఇళ్ళలో పెద్దలు కొందరికి తెలుగు తప్ప వేరే లిపి రాదు. మాత్రల అట్ట మీద ఇంగ్లీషు. అందుకే పెద్దమ్మ డబ్బాల మీద ఇప్పుడు పెద్ద అక్షరాల్లో తెలుగులో రాశాం: "పొద్దున, బి.పి.", "రాత్రి, గుండె". మాత్ర వేసుకోగానే క్యాలెండరులో గీత పెడుతుంది.

ఈసారి పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు పిండివంటలకు ముందు అమ్మానాన్నల మాత్రల డబ్బా తెరిచి చూడండి. అన్నీ వేసుకుంటున్నారో లేదో అక్కడే తెలిసిపోతుంది.