గోడ కూలినా బాకీ కూలదా?

జంగారెడ్డిగూడెం దగ్గర మా పేటలో ఒక పెద్దమ్మ ఉంది. కూలికెళ్ళి ఇద్దరు కొడుకుల్ని పెంచింది. పెద్దోడు తాపీ పనిలో కుదురుకున్నాక తల్లీ కొడుకూ కలిసి స్థలం కాగితాలు బ్యాంకులో పెట్టేరు. ఆరు లక్షలు అప్పు తెచ్చి రెండు గదుల శ్లాబు ఇల్లు వేసుకున్నారు. గృహప్రవేశం నాడు పేటంతా అక్కడే భోంచేశాం. మా వీధిలో వానకి కారని మొదటి ఇల్లు అది.

రెండేళ్ళు తిరగలేదు, కాలవ పొంగింది. మూడు రోజులు ఇంట్లో మోకాలెత్తు నీళ్ళు. నీళ్ళు తీసేక చూస్తే పునాది కింద మట్టి కోసుకుపోయింది. వెనక గోడ వొరిగింది. శ్లాబు పగుళ్ళిచ్చింది. చూడ్డానికొచ్చిన ఇంజనీరు "ఈ ఇంట్లో పిల్లల్ని పడుకోబెట్టకండి" అని చెప్పి పోయేడు. సామాను నెత్తినెట్టుకుని ఊళ్ళో మూడు వేల అద్దె కొంపలోకి మారేరు. నెల తిరిగేసరికి ఫోను.

"మీ వాయిదా తప్పిందమ్మా."

"మా ఇల్లే పోయింది బాబూ."

"ఇంటి సంగతి మాకెందుకు? వాయిదా ఎప్పుడు కడతారో చెప్పండి."

అన్నలారా, అక్కలారా, ఆ మాట దగ్గర కాస్త ఆగండి. అప్పు ఇచ్చేటప్పుడు వాళ్ళకి ఇంటి సంగతి కావాలి. స్థలం ఎన్ని గజాలో కావాలి, గోడ ఎంత మందమో కావాలి, కాగితాలు కావాలి. ఇల్లు కూలేక మాత్రం ఇంటి సంగతి అక్కర్లేదు. ఇల్లు చూసి ఇచ్చిన అప్పు ఇల్లు లేకపోయినా నడుస్తుంది. ఇదేం న్యాయం?

లెక్క చూడండి. ఆరు లక్షలు, నూటికి 9 రూపాయల వడ్డీ, 15 ఏళ్ళ గడువు అనుకుంటే నెల వాయిదా దగ్గర దగ్గర 6,100 రూపాయలు. దాని మీద అద్దె మూడు వేలు. అంటే ఉండడానికి వీల్లేని ఇంటికీ, తనది కాని ఇంటికీ కలిపి నెలకి 9,100. వరద నెలల్లో కూలి ఉండదు, తాపీ పని అసలే ఉండదు. వాయిదా తొంభై రోజులు దాటి బాకీ పడితే బ్యాంకు పుస్తకంలో అది మొండి బాకీ. అక్కణ్ణుంచి నోటీసు, తరవాత వేలం మాట.

మునిగేది ఎవరి ఇల్లు?

ఇది అందరికీ వొచ్చే కష్టమే కదా, ఇందులో కులం ఎందుకు తెస్తారు అని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళని ఒకసారి మన ఊళ్ళ చుట్టూ నడవమనండి. మెరకలో ఎవరున్నారు, పల్లంలో ఎవరున్నారు? కాలవ గట్టు మీద, చెరువు అలుగు కింద, శ్మశానం పక్కన ఎవరి ఇళ్ళున్నాయి? ఊరు కట్టిన నాడే మాలపల్లెకీ మాదిగపల్లెకీ పల్లం రాసిపెట్టేరు. తరవాత ఇళ్ళ స్థలాలకి భూమి కొన్నప్పుడు కూడా చాలా చోట్ల ఎవరికీ అక్కర్లేని పల్లపు చేనే మన వంతుకొచ్చింది. కాలవకి కులం తెలీదు నిజమే. కాలవ పక్కన ఎవరుండాలో తేల్చింది మాత్రం కులమే.

మన ప్రాంతంలో నీళ్ళు కొత్త కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి లేచింది. 2022 జూలైలో మళ్ళీ 71.3 అడుగులు. కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో గిరిజనులు, దళితులు కొండలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 2024 జూలైలో అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు గట్టు తెగి ఆ నీళ్ళు వేలేరుపాడు మీద పడ్డాయి. అదే నెలలో ఎర్రకాలువ పొంగి తాడేపల్లిగూడెం, నిడదవోలు వైపు పొలాలు ముంచింది. తమ్మిలేరు లేస్తే ఏలూరు పల్లపు పేటలకి నిద్ర ఉండదు. బుడమేరు నీళ్ళూ చివరికి కొల్లేటికే చేరతాయి. కొల్లేరు నిండి ఉప్పుటేరు లాక్కోలేకపోతే లంక గ్రామాలు నీళ్ళ మధ్యే రోజులు లెక్కపెట్టుకోవాలి.

ఇన్నిసార్లు వొచ్చే దాన్ని అనుకోని ఆపద అనగలమా? వొస్తుందని తెలిసిన దానికి ముందే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటు పేరే బీమా.

బీమా ఉంది, ఎవరి కోసం?

పెద్దమ్మ కొడుకుని అడిగేను, "అప్పు తీసుకున్నప్పుడు బీమా చేశారా?" అని. "చేశారన్నా, డబ్బు కూడా కోసుకున్నారు" అన్నాడు. కాగితం చూపించమంటే లేదు. బ్యాంకులో అడిగితే రెండు వారాలకి నకలు ఇచ్చేరు. చూస్తే అది జీవిత బీమా. అతను చచ్చిపోతే అప్పు తీరుతుంది. ఇల్లు చచ్చిపోతే తీరదు.

ఇక్కడ మనవాళ్ళు తెలుసుకోవాల్సింది ఉంది. ఇంటి అప్పు చుట్టూ మూడు రకాల రక్షణ ఉంటుంది. మొదటిది అప్పు తీసుకున్న మనిషి పోతే అప్పు తీర్చేది. రెండోది ఇంటికి చేసే బీమా. నిప్పు, తుపాను, వరద, భూకంపం వల్ల ఇల్లు దెబ్బతింటే బాగుచేసుకోడానికి డబ్బిచ్చేది. మూడోది ఇల్లు ఉండడానికి పనికిరాని నెలల్లో వాయిదా కట్టేది. మొదటిదాన్ని అప్పుతో పాటే అంటగడతారు. రెండోది చాలా బ్యాంకులు షరతుగా పెడతాయి గాని ఏటేటా నడుస్తోందో లేదో అప్పు తీసుకున్నవాడికి తెలీదు. మూడోదాని పేరే మన పేటల్లో ఎవరూ విన్లేదు.

2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అని ఒక పాలసీ వొచ్చింది. ఇళ్ళకి బీమా చేసే సాధారణ బీమా కంపెనీలన్నీ దాన్ని అమ్మి తీరాలని బీమా నియంత్రణ సంస్థ నియమం పెట్టింది. వరద, తుపాను అందులో ఉన్నాయి. ఇల్లు నివాసానికి పనికిరాకపోతే వేరే ఇంటి అద్దె కూడా పాలసీలో రాసిన హద్దు మేరకు ఇవ్వాలి. మంచిదే. ఈ సంగతి పెద్దమ్మకి ఎవరైనా చెప్పేరా? పోనీ ఆ పాలసీ ఉన్నా, అద్దె వొస్తుంది గాని వాయిదా రాదు. పైగా ఇల్లు తనఖాలో ఉంటే బీమా సొమ్ము ముందు బ్యాంకు చేతిలో పడేలా పాలసీలో షరతు రాసుకుంటారు. అప్పిచ్చినవాడికి గొడుగు, అప్పు కట్టేవాడికి వాన!

మరి సర్కారు సాయం లేదా అంటారు. ఉంది. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500. గుడిసెకి 8,000. 2024 సెప్టెంబరు బుడమేరు వరదకి విజయవాడలో రాష్ట్రం కింది అంతస్తు ఇళ్ళకి 25,000 ఇచ్చింది. ఇచ్చినదాన్ని కాదనం. కాని పెద్దమ్మ ఇల్లు పూర్తిగా పోలేదు. నిలబడే ఉంది, ఉండడానికి లేదు. అలాంటి ఇంటికి ఈ లెక్కలో వొచ్చేది ఒక్క నెల వాయిదాకి సరిపోయి, చేతిలో నాలుగొందలు మిగుల్తుంది.

వాయిదా వెనక్కి నెట్టడం సాయం కాదు

వైపరీత్యం వొచ్చినప్పుడు వాయిదాలు వెనక్కి జరిపే పద్ధతి బ్యాంకుల్లో ఉంది. కొందరు అదే పెద్ద దయ అనుకుంటారు. 2020 కరోనా సంవత్సరం గుర్తు చేసుకోండి. మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా ఆరు నెలలు వాయిదాలు కట్టక్కర్లేదన్నారు. వడ్డీ మాత్రం ఆగలేదు. వడ్డీ మీద వడ్డీ కూడా వేస్తే జనం సుప్రీంకోర్టుకెక్కేరు. ఆ వడ్డీ మీద వడ్డీ వెనక్కొచ్చింది గాని అసలు వడ్డీ మన నెత్తినే ఉంది. పెద్దమ్మ అప్పు మీద నెలకి నాలుగు వేలకి పైగా వడ్డీ. నాలుగు నెలలు ఆపితే పదహారు వేలకి పైగా కొత్త బరువు. ఇంట్లో ఉండని నెలలకి కూడా వడ్డీ!

ఇది మన దేశంలోనే కాదు. 2025 జనవరిలో అమెరికాలో లాస్ ఏంజిల్స్ చుట్టూ అడవి నిప్పు వేల ఇళ్ళు తగలెట్టింది. అక్కడి పెద్ద బ్యాంకులు తొంభై రోజులు వాయిదాలు ఆపడానికి ఒప్పుకున్నాయి. అక్కడి మామూలు ఇంటి బీమా కూడా వేరే చోట ఉండడానికయ్యే పై ఖర్చు ఇస్తుంది. అప్పు వాయిదా ఎప్పుడూ ఉండే ఖర్చే కదా అని దాన్ని వొదిలేస్తుంది. ఇల్లున్నా లేకున్నా వాయిదా మామూలు ఖర్చేనట! ఉన్నోళ్ళ దేశంలోనే ఈ కంత పూడలేదు. లేనోళ్ళ పేటలో అది గొయ్యి అవదా?

ముప్పై ఏళ్ళ పాత బాకీ

గోడ కూలినా బాకీ బతికుండడం మనకి పాత అనుభవమే. 1979లో పెట్టిన హౌసింగ్ కార్పొరేషన్ మన పేటల్లో కాలనీలు కట్టింది. కొంత సబ్సిడీ, కొంత అప్పు, స్థలం తనఖా. ఆ ఇళ్ళు ఎన్ని నిలబడ్డాయో మీ కాలనీలోకే వెళ్ళి చూడండి. మా పేటలో శ్లాబు పెచ్చులూడి పదిహేనేళ్ళకే వొదిలేసిన ఇళ్ళున్నాయి. 2021 డిసెంబరులో తణుకులో ప్రభుత్వం ఒకేసారి పరిష్కారం పథకం మొదలెట్టింది. 1983 నుంచి 2011 ఆగస్టు 15 దాకా తీసుకున్న ఇళ్ళ అప్పులకి పల్లెల్లో పది వేలు, మున్సిపాలిటీల్లో పదిహేను వేలు, నగరాల్లో ఇరవై వేలు కడితే పూర్తి హక్కు రాసిస్తామన్నారు. ఇష్టమైతేనే కట్టండి అన్నారు. హక్కు కాగితం చేతికి రావడం మంచిదే. నా ప్రశ్న ఒకటే. ఎప్పుడో కూలిపోయిన ఇంటి బాకీ అన్నేళ్ళు పుస్తకంలో ఎందుకు బతికుంది? ఇల్లు కూలిన నాడే ఆ బాకీ సంగతి చూసే ఏర్పాటు ఉంటే మన ముసలాళ్ళు మొండి గోడలకి డబ్బు కట్టాల్సొచ్చేదా?

ఇప్పుడూ అదే దారి. ఆ మధ్య ఇళ్ళు కట్టుకునే డ్వాక్రా అక్కలకి పావలా వడ్డీకి 35,000 బ్యాంకు అప్పు ఇప్పించేరు. వడ్డీ సంగతి ఆలోచించేరు. ఆ ఇల్లు మునిగితే వాయిదా ఎవరు కట్టాలి అని మా సంఘాల్లో ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. ఆ తప్పు మాదే.

ప్రీమియం ఎవరు కట్టాలి?

మనవాళ్ళలోనే కొందరంటారు, "తీసుకున్న అప్పు కట్టాలి కదా" అని. కడతాం! అప్పు ఎగ్గొట్టే జాతి కాదు మనది. అప్పు మాఫీ అడగడం లేదు. ఇల్లు లేని నెలలకి వాయిదా బీమా కట్టాలని అడుగుతున్నాం. ఇల్లు బాగై లోపలికి పోయిన నాటి నుంచి మళ్ళీ మేమే కడతాం.

డబ్బెక్కడిది అంటే, పంట బీమాకి ఎక్కణ్ణుంచి వొచ్చింది? 2019 తరవాత కొన్నేళ్ళు రైతు వాటా ప్రీమియం కూడా మన రాష్ట్ర ప్రభుత్వమే కట్టింది. రైతుకి పంట ఎంతో, సెంటు భూమి లేనోడికి ఇల్లు అంత. పొలం ఉన్నోడి నష్టానికి ఖజానా తలుపు తీసినప్పుడు ఇల్లు తప్ప ఏమీ లేనోడికి ఎందుకు తియ్యరు?

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1947లో 'రాష్ట్రాలు–మైనారిటీలు' అనే పత్రంలో బీమా పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉండాలని, వయసొచ్చిన ప్రతి పౌరుడికీ జీతానికి తగ్గ జీవిత బీమా ఉండేలా రాజ్యం చూడాలని రాసేరు. 1956లో జీవిత బీమా, 1973లో సాధారణ బీమా ప్రభుత్వం చేతికొచ్చాయి. 2000 నుంచి మళ్ళీ ప్రైవేటు కంపెనీలకి తలుపు తీశారు. ఆపద పంచుకోవడం వ్యాపారం కాకూడదని ఆయన అప్పుడే చూశాడు.

అందుకని మనం అడగాల్సినవి ఇవి. పేదల ఇంటి అప్పులన్నిటికీ ఒకే సామూహిక బీమా ఉండాలి. ప్రీమియం ప్రభుత్వం, అప్పిచ్చిన సంస్థ కలిసి కట్టాలి. ఇల్లు నివాసానికి పనికిరాదని గ్రామ స్థాయిలో ఇంజనీరు రాసిస్తే చాలు, ఆ నెల నుంచే వాయిదా, అద్దె రెండూ బీమా కట్టాలి. ఆ నెలలకి వడ్డీ మన మీద పడకూడదు. పాలసీ తెలుగులో అచ్చేసి అప్పు తీసుకున్నవాళ్ళ చేతికివ్వాలి.

అడిగినవన్నీ వొచ్చేదాకా ఊరుకోకండి. ఇంటి అప్పున్న ప్రతివాళ్ళూ బ్యాంకుకెళ్ళి పాలసీ నకలు రాతపూర్వకంగా అడగండి. అది మనిషికా, ఇంటికా చూడండి. వరద మాట, అద్దె మాట ఉన్నాయో వెతకండి. నీళ్ళొస్తే తీసెయ్యక ముందే ఫోటోలు తియ్యండి, కంపెనీకి వెంటనే తెలియజెయ్యండి, అద్దె రశీదులు దాచండి. కంపెనీ కాదంటే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెలలో తేల్చకపోతే హైదరాబాదు బీమా అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, దానికి ఫీజు లేదు. చదువుకున్న కుర్రాళ్ళు పేటకి ఇద్దరు ఈ పని మీదేసుకోవాలి.

పెద్దమ్మ ఇంకా అద్దె కొంపలోనే ఉంది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ వొరిగిన గోడ ముందు వాకిలి ఊడ్చి వొస్తుంది. ఎందుకే అంటే, "వాయిదా కడుతున్నాం కదరా, మనిల్లే" అంటుంది. ఆ మాటకి బ్యాంకూ, సర్కారూ జవాబు చెప్పాలి. చెప్పించాల్సింది మనం.